చోడి చేను నుంచి అంబలి ముంత దాకా: ఒక బొమ్మల పుస్తకం తయారీ డైరీ

జూన్ 24

విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో నేను పనిచేసే ప్రాథమిక పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రం ఒకే ప్రహరీ లోపల ఉన్నాయి. కేంద్రం గోడకు వేలాడే ‘మంచి ఆహారం’ పటంలో యాపిల్ పండు, ద్రాక్ష గుత్తి, గాజు గ్లాసులో పాలు, ముక్కలుగా కోసిన రొట్టె ఉన్నాయి. మా పిల్లల ఇళ్లలో పొద్దున్నే కనిపించే అంబలి ముంత గాని, పెరటి మునగాకు గాని, ఉడికించిన ఉలవలు గాని అందులో లేవు. ఆ పటాన్ని నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాను. దాని లోటు ఏమిటో ఈ రోజు ఉదయం వరకు నాకు తట్టలేదు.

రెండో తరగతి పిల్లలు రాగిజావ తాగుతుండగా, ఇది దేనితో చేస్తారో చెప్పమని మాటవరసకు అడిగాను. మన రాష్ట్రంలో 2023 మార్చిలో బడి పిల్లలకు జావ ఇవ్వటం మొదలైంది కనుక, వీళ్లు ఒకటో తరగతి నుంచీ దాని రుచి ఎరిగినవారే. ‘పొడితో’ అని కొందరు, ‘ప్యాకెట్టుతో’ అని కొందరు అన్నారు. రాగులను మా వైపు చోళ్లంటారు; చోళ్లతో అని ఒక్కరూ అనలేదు. మీ ఇళ్లలో చోడంబలి కాస్తారు కదా, ఇదీ ఆ గింజే కదా అంటే, ముందు వరసలోని పిల్ల నన్ను సరిదిద్దింది: “అది చోడి, ఇది రాగి మేస్టారూ. అది ఇంటికాడది, ఇది బడిది.” ఆ మాట అన్న సమయానికి ప్రహరీ అవతల, ఆ పిల్ల మేనమామ చేలో, చోడి ఆకుమడికి దుక్కి దున్నుతున్నారు.

ఆమెకు చోడి మొక్క తెలుసు, అంబలి తెలుసు, జావ తెలుసు; ఆ మూడూ ఒకటేనని మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని మూడు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం తయారు చెయ్యాలని, అందులో ఒకే పంటను, ఒకే వంటను తీసుకుని విత్తు నుంచి ముంత దాకా చూపాలని నిర్ణయించుకున్నాను. నాతో పాటు ముగ్గురు ఈ పనిలో ఉంటారు: బొమ్మలకు పక్క ఊరి ఉన్నత పాఠశాల డ్రాయింగు మేస్టారు, చిన్న పిల్లల సంగతి చూడటానికి అంగన్‌వాడీ టీచరమ్మ, సేద్యం చెప్పటానికి ఆ అవతలి చేను ఇల్లాలు. ఆమెను ఊరంతా అప్ప (అక్క) అని పిలుస్తుంది, నేనూ అంతే.

జూలై 6

ఒక్క బొమ్మ అయినా వెయ్యకముందే పేరు దగ్గర వాదన వచ్చింది. పాఠ్యపుస్తకంలోనూ పిండి ప్యాకెట్టు మీదా ‘రాగి’ అనే ఉంటుంది, పిల్లలు రేపు చదవవలసిన మాట అదే కనుక అదే రాయాలని డ్రాయింగు మేస్టారు పట్టుబట్టారు. మూడేళ్ల పిల్లకు చోడి తప్ప మరో మాట తెలియదని, తెలియని మాటతో మొదలుపెడితే పుస్తకం కూడా ఆ గోడ మీది యాపిల్ పండు లాగే పరాయిదవుతుందని టీచరమ్మ అన్నారు. రాయలసీమలో రాగులు, తెలంగాణలో తైదలు, మన దగ్గర చోళ్లు. తెలుగు నేల మీదే మూడు పేర్లున్న గింజకు ఏదో ఒక పేరే సరైనదని తేల్చటం నా వల్ల కాలేదు.

దారి టీచరమ్మే చూపించారు. మా ఊళ్లో ప్రతి పిల్లకూ హాజరు పట్టీలో ఒక పేరు, ఇంట్లో ఒక ముద్దుపేరు ఉంటాయి; బుజ్జి అంటే పలికే పిల్ల అసలు పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి తల కూడా తిప్పదు. కనుక పుస్తకమంతా చోడి అనే నడిపించి, జావ వచ్చే పుటలో మాత్రం ఇలా రాయాలనుకున్నాము: ‘నాకు ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు. చోడికీ అంతే. బడిలో దాని పేరు రాగి.’ పుస్తకం మొత్తం ఈ మూడు చిన్న వాక్యాల మీదే నిలబడుతుందని నాకు అప్పుడే అనిపించింది.

జూలై 27

అప్ప చేలో రెండు వారాల కిందటే నాట్లు పడ్డాయి. ఈసారి ఒక మడిని గులి పద్ధతిలో వేశారు. అంటే, పదిహేను ఇరవై రోజుల లేత నారును నిలువు, అడ్డం సాళ్లు కలిసే చోట గుంటలో నాటుతారు, మొక్కకూ మొక్కకూ నడుమ బాగా ఎడం వదులుతారు, అవి నిలదొక్కుకున్నాక వాటి మీదుగా తేలికపాటి కర్ర దుంగను లాగుతారు. వంగి లేచిన మొక్క మరిన్ని పిలకలు వేస్తుంది. మొక్కల మీద దుంగ లాగటం చూసిన పిల్లలు ‘చచ్చిపోతాయి’ అని కేకలు పెట్టారు. మూడు రోజుల తరువాత మళ్లీ తీసుకువెళ్లి చూపించే దాకా వాళ్లకు నమ్మకం కుదరలేదు. ఈ సంగతి పుస్తకంలో ఉండి తీరాలి. ఒక పుటలో దుంగ, ఎదుటి పుటలో లేచి నిలబడిన మొక్క, మాటలు లేకుండా.

మాటల పాఠం మొదటి రాతలో 410 పదాలు వచ్చాయి. టీచరమ్మ తన కేంద్రంలో చదివి వినిపిస్తే, నాలుగో పుట దగ్గరే ఇద్దరు లేచి నీళ్లకు వెళ్లారట. పుటకు రెండు వాక్యాలు, వాక్యానికి అయిదారు మాటలకు మించకుండా కుదించాను. ఇప్పుడు 140 పదాలున్నాయి. కొట్టేసిన వాటిలో నాకు ఇష్టమైనవి చాలానే ఉన్నాయి, కానీ అవన్నీ నా కోసం రాసుకున్నవే తప్ప పిల్లల కోసం రాసినవి కావు.

ఆగస్టు 9

ఈ రోజు బొమ్మల చిత్తుప్రతులను పిల్లల ముందు పరిచాము. పెద్దవాళ్లం నలుగురం నెల రోజులుగా చూస్తూ మెచ్చుకున్న బొమ్మలు పది నిమిషాల్లో ఓడిపోయాయి.

మొదటి తప్పు వెన్నుది, అంటే చోడి కంకిది. డ్రాయింగు మేస్టారు ఎక్కడో చూసిన ఫొటో ఆధారంగా నిటారుగా, నున్నగా, పొడుగ్గా వేశారు. “ఇదేటి మేస్టారూ, ఇది గంటె కంకి గదా” అని మూడో తరగతి కుర్రాడు నవ్వేశాడు (సజ్జను ఇక్కడ గంటె అంటారు). మరి చోడి వెన్ను ఎలా ఉంటుందిరా అని అడిగితే, వాడు కుడిచెయ్యి పైకెత్తి, అయిదు వేళ్లూ విప్పి, వాటి కొసలను నెమ్మదిగా లోపలికి వంచి, “లేతప్పుడు ఇలాగ, పండినాక ఇలాగ” అని చూపించాడు. విప్పారిన వేళ్లు లేత వెన్ను, ముడుచుకున్న వేళ్లు పండిన వెన్ను. ఇంతకన్నా చక్కగా ఏ వ్యవసాయ పుస్తకమూ చెప్పగలదని నేను అనుకోను. డ్రాయింగు మేస్టారు అక్కడికక్కడే వాడి చేతిని రెండు భంగిమల్లోనూ పెన్సిలుతో గీసుకున్నారు. ఆ చెయ్యి, పక్కనే వెన్ను, ఇప్పుడు ఎనిమిదో పుట.

రెండో తప్పు మనుషులది. మా బొమ్మలో రైతు అంటే తలపాగా చుట్టుకుని, మీసం ఉన్న పెద్దమనిషి ఒక్కడే. నాట్లు కూడా ఆయనే వేస్తున్నాడు. నాట్లేసేది అమ్మలు కదా అని ఆడపిల్లలు అడిగారు. తరువాతి మాట ఇంకా సూటిగా తగిలింది: చేలోకి వెళ్లేటప్పుడు అమ్మ చీర మీద నాన్న చొక్కా తొడుక్కుంటుందని, అది బొమ్మలో లేదని ఒక పిల్ల చెప్పింది. ఎండకూ ఆకు కోతకూ చేతులు కాపాడుకోవటానికి కూలి పనికి వెళ్లే ఆడవాళ్లందరూ అలా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటారు. దాన్ని రోజూ చూస్తున్న మేము నలుగురం, బొమ్మ దగ్గరికి వచ్చేసరికి క్యాలెండరులోని రైతును గీసి ఊరుకున్నాము. అప్ప కూడా మాతో ఉండి ఆ లోపం పట్టలేదేమని అడిగితే, “పుస్తకంలో బొమ్మంటే అలాగే ఉంటాదనుకున్నాను మేస్టారూ” అన్నారు.

పదహారు బొమ్మల్లో పదకొండు మళ్లీ వెయ్యాలి.

ఆగస్టు 29

ఈ రోజు తెలుగు భాషా దినోత్సవం కనుక బడిలో గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి చెప్పాను. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకుని, వాచకాలు తయారుచేసిన సంగతి వ్యావహారిక ఉద్యమం చాటున కాస్త మరుగున పడింది. చోడి, రాగి వాదన తరువాత ఆ సంగతి నాకు మునుపటి కన్నా దగ్గరగా అనిపించింది.

సాయంత్రం అక్షరాల పని చూశాము. అలంకారంగా ఉండే ఫాంటు ఒకటి డ్రాయింగు మేస్టారికి నచ్చింది, కానీ అందులో ‘వెన్ను’లోని నావత్తు పై అక్షరానికి అతుక్కుపోతోంది. చదవటం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు వత్తు విడిగా, గుడి, దీర్ఘం స్పష్టంగా కనబడాలి. చివరకు మండలి ఫాంటును 26 పాయింట్లలో పెట్టి, వరసల మధ్య ఎడం పెంచాము. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి కనుక, ఆ ఎడం తగ్గితే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది.

సెప్టెంబరు 15

పోషకాహారం పుట. ఈ పుటను నేను ఇప్పటికి ఆరుసార్లు తిరగరాశాను.

మొదటి రాతలో ‘చోడి తింటే ఎముకలు ఉక్కులా మారతాయి’ అని ఉంది. వినటానికి బాగుంది కానీ, అంకెలు చూస్తే నాకే సిగ్గనిపించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఇంతవరకు చోడిదే పైచెయ్యి. అయితే చిన్న పిల్ల ఒక ముంత అంబలిలో తినే పిండి 30 గ్రాములకు మించదు, అంటే దక్కేది దాదాపు 100 మిల్లీగ్రాములు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లకు రోజుకు 550 కావాలని అదే సంస్థ 2020లో చెప్పింది. ముంత అంబలి అయిదో వంతు పని చేస్తుంది, మిగిలింది పాలు, పెరుగు, ఆకుకూరల వంటివి చెయ్యాలి. గింజలో ఉండి ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు అనే పదార్థాల వల్ల ఆ అయిదో వంతు కూడా పూర్తిగా ఒంటికి పట్టదు. రాత్రి పిండి నానబెట్టి పులియబెట్టటం, చోళ్లను మొలకెత్తించి ఆరబెట్టి విసరటం వంటి మన పాత అలవాట్లు ఆ అడ్డును కొంత తగ్గిస్తాయి. అప్ప ఇంట్లో అంబలి కాచే తీరు అచ్చం ఇదే: పిండి ముందురోజు రాత్రే నీళ్లలో కలిపి ఉంచుతారు, తెల్లవారాక నూకలు ఉడికించి, పులిసిన పిండిని అందులో పోసి తెడ్డుతో కలుపుతారు, చల్లారాక మజ్జిగ కలిపి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటారు.

ఉక్కు మాట తీసేసి, ‘ఎముకలకు అంబలి కావాలి. అంబలికి తోడు కావాలి.’ అని రాసి, ముంత చుట్టూ గుడ్డు, మజ్జిగ, మునగాకు కూర, ఉలవలు, నిమ్మకాయ వేయించాము.

టీ దగ్గర మళ్లీ తకరారు వచ్చింది. ఇక్కడ చాలామంది చిన్నపిల్లలు పొద్దున్నే స్టీలు గ్లాసులో టీ, అందులో ముంచిన బన్ను తిని బడికి వస్తారు. తిండితో పాటు టీ తాగితే అందులోని టానిన్లు ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుకుంటాయి, నిమ్మ, ఉసిరి వంటివి ఇనుము పట్టటానికి సాయం చేస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలోని అయిదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది కనుక, ఇది కొట్టిపారెయ్యదగిన విషయం కాదు. టీ గ్లాసు వేసి దాని మీద ఎర్ర గీత కొడదామని డ్రాయింగు మేస్టారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ గ్లాసు ఇచ్చేది వాళ్ల అమ్మ. తెల్లవారుజామున లేచి కూలికి వెళుతూ పిల్లకు వేడిగా ఏదో ఒకటి ఇచ్చానన్న తృప్తితో ఇస్తుంది. పుస్తకం ఆమె మీద తీర్పు చెప్పకూడదు. టీ సంగతి తల్లుల సమావేశంలో టీచరమ్మ నోటితో చెబుతారు. పుస్తకంలో టీ గ్లాసు ఉండదు, నిమ్మబద్ద ఉంటుంది, అంతే.

అక్టోబరు 8

విజయనగరంలో ఒక ముద్రణాలయానికి వెళ్లాము. పైడితల్లి సిరిమాను పండుగ ముందు కావటంతో ప్రెస్సు నిండా కరపత్రాలు, ఆహ్వానాలు. మా పుస్తకం పండుగ తరువాతేనన్నారు. నేను 18 పుటలు తీసుకువెళ్లాను. అక్కడి పెద్దాయన ఒక తెల్ల కాగితాన్ని సగానికి మడిచి చూపించి, మధ్యలో కుట్టే పుస్తకానికి పుటలు నాలుగు చొప్పున పెరుగుతాయి తప్ప రెండు చొప్పున పెరగవని చెప్పారు. ఇరవై పుటలకు డబ్బు లేదు, పదహారుకు రెండు ఎక్కువ.

ట్రాక్టరు పుటను తీసెయ్యటం తేలికే అయింది. రెండోది సంత పుట, చోళ్లు అమ్మే పుట. దాన్ని తీసేస్తున్నామని చెప్పినప్పుడు అప్ప, “పండినట్టు రాసేరు, తిన్నట్టు రాసేరు, అమ్మితే ఏటొచ్చిందో రాయరా?” అన్నారు. ఈ ఏడు (2024–25) కేంద్రం చోళ్లకు క్వింటాలుకు 4,290 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. నాలుగేళ్ల పిల్లకు ఆ అంకె అక్కరలేదు, కానీ సేద్యం అంటే కేవలం మొక్క మొలవటమేనని చెప్పే పుస్తకం అబద్ధం కాకపోయినా సగం నిజమే. పుట తీసేశాను, వెనక అట్ట లోపలివైపు బస్తా, తక్కెడ, డబ్బు లెక్కపెట్టుకుంటున్న అమ్మ చెయ్యి ఉన్న చిన్న బొమ్మ ఒకటి పెట్టించాను.

మచ్చు ప్రతిలో రంగు దెబ్బతిన్నది. తెర మీద వెచ్చగా కనిపించిన అంబలి కాగితం మీద నల్లబారింది. తెర వెలుతురుతో చూపే రంగులన్నిటినీ నాలుగు సిరాల ముద్రణ పట్టుకోలేదు. ఆ ప్రతిని బడిలో చూపిస్తే ఒకే మాట వినిపించింది: “బురద.” నీలం, నలుపు సిరాల పాలు తగ్గించి, ఎరుపు, పసుపు కాస్త పెంచి మరో మచ్చు తీయించాము. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు; ఒకటో తరగతి పిల్లవాడు పుటను వాసన చూశాడు.

నవంబరు 16

చోడి కోత. పుస్తకం ప్రూఫులను చేలోకే పట్టుకెళ్లి, ప్రతి పుటనూ ఎదురుగా ఉన్న దానితో పోల్చి చూడమని పిల్లలకు అప్పగించాను. చెయ్యి చూపించిన కుర్రాడు ఒక వెన్ను తుంచి ఎనిమిదో పుట మీద ఆనించి పెట్టి, బొమ్మలో ఆరు వేళ్లు, వెన్నుకు ఏడు ఉన్నాయన్నాడు. అన్ని వెన్నులకూ ఒకే లెక్క ఉండదు కదా అన్నాను. వాడు ఊరుకోకుండా గట్టు వెంట నడుస్తూ వేళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉన్నాయని వచ్చి చెప్పాడు. బొమ్మ మార్చనక్కరలేదని తనే తీర్పు ఇచ్చాడు.

కళ్లంలో వెన్నులు కొట్టాక అప్ప గుప్పెడు గింజలు చాట మీద పోశారు. చోడి గింజ ఎంత చిన్నదంటే, వెయ్యి గింజలు కలిపి తూచినా మూడు గ్రాములకు అటూ ఇటూ. చిటికెడు తీసుకుని లెక్కపెట్టమంటే పిల్లలు మధ్యాహ్నం దాకా కూర్చుని, ఒకరు 212, ఒకరు 190, ఒకరు ‘చాలా’ అని చెప్పారు. ‘ఇది చోడి గింజ. చీమ తల కన్నా కాస్త పెద్దది.’ అన్న మొదటి పుట వాక్యాన్ని చీమను పట్టుకుని మరీ సరిచూశారు. ఆ పిల్లల్లో జూన్‌లో నన్ను సరిదిద్దిన పిల్ల కూడా ఉంది.

డిసెంబరు 9

200 ప్రతులు వచ్చాయి. మూడేళ్ల పిల్లల చేతికిచ్చేది కనుక పిన్నులు వద్దని, దారంతో కుట్టించాము. అందుకు ప్రతికి ఆరు రూపాయలు ఎక్కువయింది. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా పదకొండో పుటలో ‘తెడ్డు’ అన్న మాట ‘తెడ్దు’ అని పడింది. ప్రూఫు నేను నాలుగుసార్లు చూశాను. తప్పు పట్టుకున్నది నాలుగో తరగతి పిల్ల.

అంగన్‌వాడీలో మొదటి పఠనం టీచరమ్మే చేశారు. ఆమె చదవరు, అడుగుతారు. పుట తెరిచి, ఇక్కడ ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, తరువాత ఏమవుతుంది అని ఒక్కో ప్రశ్న వేసి, పిల్లలు చెప్పినది పూర్తయ్యాకే రాసి ఉన్న వాక్యాన్ని చదువుతారు. దుంగ పుట దగ్గర కేంద్రమంతా నిశ్శబ్దమైంది. పుట తిప్పగానే ఒక చిన్నది లేచి, తనే మొక్కలాగా వంగి, లేచి నిలబడింది. ఆ తరువాత పన్నెండు మందీ వరసగా వంగి లేచారు. ఇది మేము రాసినది కాదు, అనుకున్నదీ కాదు. చొక్కా తొడుక్కున్న అమ్మ బొమ్మను మాత్రం ముగ్గురు తమ అమ్మేనని వాదించుకున్నారు, ఏడుపు దాకా వెళ్లింది.

పేరు పుట వచ్చినప్పుడు టీచరమ్మ ఆగి, ఒక్కొక్కరి ఇంటి ముద్దుపేరు, బడి పేరు చెప్పించారు. అందరివీ అయ్యాక, మరి చోడికి, అని అడిగారు. సగం మంది రాగి అన్నారు, సగం మంది జావ అన్నారు. రెండూ రాసుకున్నాను.

జనవరి 20

సంక్రాంతి సెలవులకు ముందు ఇంటికొక ప్రతి చొప్పున 34 ఇళ్లకు పంపాము. ఈ రోజు వాటిలో 31 తిరిగి వచ్చాయి. రెండింటి మీద అంబలి మరకలున్నాయి, ఒకదాని అట్టను మేక నమిలింది. రాని మూడింటిలో ఒకటి చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలతో పాటు శ్రీకాకుళం జిల్లా కవిటికి వెళ్లిపోయిందట. అక్కడి పిల్లలు దాన్ని చూసి, మా జీడిపిక్కల పుస్తకం ఏదని అడిగారని ఆ ఇంటి అమ్మ చెప్పింది. కొబ్బరి, జీడి, పనస ఉన్న ఉద్దానం వైపు నాకు చేను తెలిసిన అప్ప ఎవరూ లేరు. ముందు అలాంటి మనిషి దొరకాలి.

‘తెడ్దు’ మీద అంటించటానికి 200 చీటీలు కొట్టించాను. తప్పు పట్టిన పిల్లే తన స్నేహితురాళ్లతో కూర్చుని వాటిని అంటిస్తోంది; 140 అయ్యాయి.